లారీ యిరుసు - అఱిగిన బుషులు

నేటి ప్రసంగవిషయము పాతలారీల వెనుక ఇరుసును చట్రమునకు కట్టియుంచు బుషులను గూర్చినది. అవి యఱిగినవని గుర్తించుట యెట్లు, వానిని మార్చుట యెట్లు, మార్చునప్పుడు పాటింపవలసిన జాగ్రత్తలెవ్వి అను మూడు సంగతులను మనవి చేసెదను. ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు శబ్దములును సంధిసూత్రములును చెప్పుకొన్న పంతులునకు లారీబుషులతో నేమి పని యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. పని కలదు. నేడు మన గ్రామములలో ధాన్యము మిల్లునకు పోవలెనన్నను, చెఱకు ఫ్యాక్టరీకి చేరవలెనన్నను, ఎరువులు, ఇటుకలు, సిమెంటు ఊరికి రావలెనన్నను లారీయే దిక్కు. ఊళ్లలో తిరుగు లారీలు తఱచుగా పాతవి, ఒకరిద్దఱి చేతులు మాఱి వచ్చినవి. అట్టి లారీ విషయమై యజమానునకును డ్రైవరునకును తగవు వచ్చినచో తీర్పు చెప్పుడని పిలుచునది మిమ్ములనే. ఇనుము సంగతి యెఱుగక మనుష్యుని తప్పుపట్టుట యెంత సులభమో యొక తగవులో నేను చూచితిని. ముందు వస్తువును వర్ణించి, పిదప ఆ తగవును చెప్పెదను.

మొదట మనయెడ్లబండిని తలచుకొందము. దాని యిరుసు కదలదు. ఇరుసుపై రెండుచక్రములును దేనికది తిరుగును. బండి మలుపు తిరుగునప్పుడు వెలుపలిచక్రము ఎక్కువదూరమును, లోపలిచక్రము తక్కువదూరమును నడచును. దేనికది తిరుగుటచేత అందులో చిక్కు లేదు. బండిని లాగునవి యెడ్లు; చక్రము ఊరక దొర్లును. లారీలో నట్లు కాదు. ఇంజను బలము వెనుకచక్రములకు చేరి, ఆ చక్రములే నేలను తన్ని బండిని ముందునకు త్రోయవలెను. రెండుచక్రములను ఒకే కడ్డీకి బిగించి త్రిప్పినచో మలుపులో నొకచక్రము నేలపై నీడ్వబడును. బలమును రెండుచక్రములకును ఇచ్చుచు, వాని వేగములలో భేదమునకు చోటిచ్చు పండ్లచక్రముల కూర్పే డిఫరెన్షియలు. ఫ్రాన్సుదేశమునందు ఒనెసిఫోర్ పెక్యూరను గడియారపు పనివాడు పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున ఆవిరిబండి కొఱకు దీనిని కూర్చెను. లారీ వెనుక వంగి చూచినచో చక్రముల నడుమ గుమ్మడికాయవలె నుబ్బిన ఇనుపగుండు కనబడును. ఆ కూర్పు అందులోనే యున్నది. దానిని, దానికిరుప్రక్కల చక్రముల వఱకు పోవు గొట్టమును కలిపి మెకానిక్కులు హౌసింగు అందురు.

ఈ హౌసింగును చట్రమునకు, అనగా మనవారు ఛాసీ యనుదానికి, నేరుగా బిగింపరు. బిగించినచో గతుకు గతుకునకును బండి యెముకలు విఱుగును. కమానుకట్టలపై నుంచి యూబోల్టులతో కట్టుదురు. కమానుకట్ట ముందరికొనను చుట్టి కన్నుగా చేసి, ఆ కంటిలో నొక గొట్టపుముక్కను తొడుగుదురు. అదియే బుషు. బుషులో ఇనుపపిన్నును దూర్చి, ఆ పిన్నును చట్రమునకున్న బ్రాకెట్టులో నిలుపుదురు. కట్ట వెనుకకొన షాకిలు అను సంకెలనుండి వ్రేలాడును. బరువు పడి కట్ట సాగినప్పుడు ఆ సంకెల ఊగి చోటిచ్చును. కొన్ని లారీలలో సంకెలకు బదులు వెనుకకొన యొక గుడిలో జాఱుచుండును.

ఇపుడు బలము నడచు దారిని గమనింపుడు. చక్రము ఇరుసును త్రోయును. ఇరుసు కమానును, కమాను బుషును, బుషు పిన్నును, పిన్ను చట్రమును త్రోయును. బ్రేకు వేసినప్పుడు ఇదే దారిలో బలము వెనుకకు తిరుగును. పది టన్నుల ధాన్యమును కదిలించు త్రోపును, నిలుపు బలమును, అరచేతిలో నిముడు రెండు గొట్టపుముక్కల గుండ పోవలెను. ఇదియే నేటి మాటకు మూలము.

బుషు ఎందుకుండవలెను? పిన్ను కమానుకంటిలో నేరుగా తిరిగినచో రెండును ఒరసికొని అఱుగును. కమానుపట్టీ వెలగలది; బ్రాకెట్టు చట్రమునకు దిమ్మిసముగా అతుకబడినది. వాని నడుమ, వానికన్న మెత్తనిదియు చౌకయైనదియు నగు వస్తువు నొకదానిని పెట్టి అఱుగుదలను దానిమీదికి మరల్చుదురు. ఎడ్లబండి చక్రనాభిలో తొడిగిన ఇనుపగొట్టము చేయుపనియు ఇదియే. దానికి కందెన వేయుచుండుట మీకు క్రొత్తగాదు. కాన అఱుగుట బుషునకు దోషము కాదు, ధర్మము. అఱిగినదానిని అట్లే యుంచుట మనదోషము. కంచువంటి మిశ్రలోహముతో చేసిన బుషునకు గ్రీజు కావలెను. రబ్బరుబుషునకు గ్రీజు కూడదు. ఈ రెంటి భేదమును పిదప చెప్పెదను.

మనదేశమునందు ఈ బండ్ల చరిత్ర చిన్నది కాదు. జంషెడ్పూరునందు టాటావారి కర్మాగారసంస్థ 1945లో స్థాపింపబడి, 1954లో జర్మనీదేశపు డైమ్లర్-బెంజివారితో నొడంబడిక చేసికొని లారీలు కట్టసాగెను. మద్రాసువైపున 1948లో అశోక్ మోటార్సు వెలసి, 1955లో అశోక్ లేలాండు అయ్యెను. నాటినుండి నేటి వఱకు ఎన్నో రూపములు మాఱినవి. నేడు పదిచక్రముల లారీలలో జంట యిరుసులను టార్కురాడ్డులను కడ్డీలు పట్టియుంచును, వాని కొనలలో రబ్బరుబుషు లుండును. ఐనను ఇరుసు చట్రమును త్రోయుచోట నొక మెత్తని వస్తువు ఉండవలెనను నియమము మాత్రము మాఱలేదు.

ఇక తగవు సంగతి. మా గ్రామమున నొక రైతు పాతలారీని కొని ధాన్యము తోలించుచుండెను. దానిని నడపువాడు ప్రక్కయూరివాడు, పదునైదేండ్లుగా చక్రము పట్టినవాడు. ఇద్దఱును నాయొద్ద చదివినవారే. ఒకయేడు పంటనూర్పిళ్ల కాలమున లారీ టైర్లు ఒకప్రక్క కొఱికినట్లు అఱిగినవి. బండి కదలునప్పుడును, వెనుకకు నడపునప్పుడును క్రింద ‘ఢక్కు’మని యొకశబ్దము వచ్చుచుండెను. యజమాని ముందు ప్రొపెల్లరుషాఫ్టు క్రాసులు మార్పించెను, శబ్దము పోలేదు. రెండు క్రొత్తటైర్లు వేయించెను, అవియు అఱుగసాగినవి. అంతట కోపము డ్రైవరుపై మరలెను. రచ్చబండయొద్ద పెద్దలు కూర్చుండి నన్నును పిలిచిరి.

“పంతులుగారూ, వీడి తొక్కుడుకే టైర్లు పోయినయ్. క్లచ్చి ఒక్కసారిగా వదుల్తాడు. రెండునెలల జీతం ఆపాను. వేరే మనిషిని చూసుకుంటాను” అని యజమాని యనెను.

“బండి ఎడమకు లాగుతోందండీ. నాలుగునెలల్నుంచి చెబుతూనే ఉన్నాను. వారంవారం గ్రీజు కొడుతున్నాను. నా చేతుల్లో తప్పుంటే జీతం నేనే వద్దంటాను” అని డ్రైవరు బదులు చెప్పెను.

సభలో నెక్కువమంది మొగ్గు యజమానివైపే. టైరు వెల యెంతయో యందఱకును తెలియును. ధనము పోయినచోట మనస్సు నిందించుటకు మనుష్యుని వెదకును. తర్కశాస్త్రమున అన్వయవ్యతిరేకములని రెండు పరీక్షలు కలవు. ఏది యున్నచో ఫలముండునో, ఏది లేనిచో ఫలము లేకుండునో, అది కారణము. ఈ రెంటిలో నొకటి చాలదు. డ్రైవరే కారణమైనచో డ్రైవరు లేనప్పుడు శబ్దముండరాదు. కాన యజమాని మేనల్లుని, నెమ్మదిగా నడపువాడని పేరుగలవానిని, చక్రముపట్టుమంటిమి. అతడు బండిని పిల్లవానిని నడిపించినట్లు నడిపెను. ‘ఢక్కు’మని అదే శబ్దము! డ్రైవరు లేడు, శబ్దమున్నది. క్రాసులు క్రొత్తవి, శబ్దమున్నది. రెండు హేతువులును వీగిపోయినవి. కారణము మఱియొకచోట నుండవలెను.

కమానుకట్టలపని చేయు ముసలిమేస్త్రిని రప్పించితిమి. ఆయన వెనుకచక్రముల నాభినుండి చట్రముపైనున్న యొక బ్రాకెట్టు వఱకు రెండువైపులను దారము పట్టి కొలిచెను. ఎడమవైపు కొలత బొటనవ్రేలెడు తేడాగా నుండెను. ఇరుసు వంకరగా నిలిచి, బండిని ప్రక్కకు లాగుచు, టైర్లను నేలపై నూఱుచుండెను. ఎడమకట్ట ముందరికన్ను విప్పగా బుషు కాగితమువలె పలుచనై యొకవైపు లేకయేపోయెను. పిన్నుపై మెట్టువలె గంటు పడియుండెను. పిన్ను కొనయందు గ్రీజునిపిలు కలదు. దానినుండి పిన్ను లోపలి సన్ననిదారిగుండ గ్రీజు బుషును చేరవలెను. ఆ దారి పాతగ్రీజు ఎండి రాయివలె గట్టిపడి మూసికొనియుండెను. గ్రీజుగన్ను నొక్కినప్పుడెల్ల గ్రీజు నిపిలు చుట్టునే బయటికి వచ్చి, లోపలికి పోయినట్లు కనబడుచుండెను.

“గ్రీజు కొట్టాడు మాస్టారూ, పాపం. కొట్టినదంతా బయటే పోయింది. ఒక్క చుక్క లోపలికి పోలా” అని మేస్త్రి యా పిన్నును నా చేతిలో నుంచెను.

పిన్ను సభలో చేతులు మాఱెను. ఎవరును మాటాడలేదు. యజమాని లేచి రెండునెలల జీతమును ఆ చోటనే యిచ్చెను. డ్రైవరు నేటికిని ఆ బండినే నడుపుచున్నాడు. వ్రేలెడు లోహపుముక్క మాటాడకున్నచో నొకకుటుంబము జీవనము పోయియుండెడిది, నింద మాత్రము మిగిలియుండెడిది. మనుష్యుని విచారించుటకు ముందు బుషును విచారింపుడని నేను వేడుటకు కారణ మిదియే.

ఇక అఱుగుదలను గుర్తించు పద్ధతి. మొదట చెవితో గుర్తింపవచ్చును. వేగముతోపాటు హెచ్చి తగ్గుచు మూలిగినట్లు వచ్చుశబ్దము హౌసింగులోని పండ్లచక్రములది. వేగము హెచ్చినకొలది అదురుగా మాఱునది తఱచుగా ప్రొపెల్లరుషాఫ్టుది. బండి కదలునప్పుడొకమాఱు, బ్రేకు వేసినప్పుడొకమాఱు, ముందునకు నడచుదానిని వెనుకకు మరల్చినప్పుడొకమాఱు, బలము దిశ మాఱినప్పుడెల్ల ఒక్కొక్కదెబ్బగా వచ్చునది వదులైన కీలుది. ఐతే క్రాసులు అఱిగినను ఇట్టిదెబ్బయే వచ్చును. యూబోల్టులు వదులైనను వచ్చును. కాన చెవి సందేహమునే ఇచ్చును, నిశ్చయము నీయదు. నిశ్చయమునకు కన్ను, కొలత, చేయి మూడును కావలెను.

కన్ను చూడవలసినవి యివి. పిన్నుచుట్టు ఎఱ్ఱని తుప్పుపొడి రాలుచున్నదా? కమానుకన్ను బ్రాకెట్టు నొరసి మెఱయుచున్నదా? యూబోల్టుల నట్టులక్రింద క్రొత్తగా రుద్దిన మెఱపు కలదా? కట్టలో నేదేని పట్టీ విఱిగినదా? కట్టను నడుమ కూర్చు సెంటరుబోల్టు విఱిగినను ఇరుసు జరుగును, దానిని మఱవరాదు. రబ్బరుబుషైనచో బీటలు వాఱినదా, తన ఇనుపతొడుగునుండి ఊడినదా, ఒకవైపు పిండినట్లు బయటికి వచ్చినదా చూడవలెను. బుఱద కప్పినచోట కన్ను పనిచేయదు. కనుక ముందు కడిగి ఆరనిచ్చి చూడవలెను.

కొలతకు బండిని చదునునేలపై నిలిపి, ముందుచక్రములను తిన్నగా నుంచి, ముందు వెనుక చక్రనాభుల నడుమ దూరమును రెండువైపులను కొలువవలెను. భేదము కనబడినంతనే వెనుక ఇరుసే జరిగినదని తేల్చరాదు. ముందరి యిరుసు జరిగినను అదే భేదము వచ్చును. అందుచేత మేస్త్రి చేసినట్లు, వెనుకనాభినుండి చట్రమునందలి యొక స్థిరమైన గుర్తునకు గూడ రెండువైపులను కొలిచిన పిదపనే మాట చెప్పవలెను.

చేతిపరీక్షకు ఇంజను ఆపి, చక్రములకు ముందు వెనుక గట్టిదిమ్మెలు పెట్టవలెను. పిదప పొడవైన ఇనుపకడ్డీని కమానుకంటికిని బ్రాకెట్టునకును నడుమ దూర్చి మెల్లగా మీటవలెను. లోహపుబుషులో పిన్ను కన్నులో ఎగిరిపడినట్లు కదలినచో బుషు పోయినట్లే. రబ్బరు కొంచెము సాగుట సహజము. కాన కుడిదానిని ఎడమదానితో పోల్చిచూడవలెను. సాగి తిరిగి వచ్చినది మంచిది. కడ్డీని మీటినప్పుడు ఇనుము ఇనుమును తాకినది చెడ్డది.

నాలుగుచక్రములకును బలముపోవు చిన్నబండ్లలో, ముందుచక్రములు దేనికది యెగిరిదిగునట్లు కట్టినవి కలవు. గల్ఫుదేశములకు పోయిన మనతెలుగుపిల్లలు నడపు పికప్పుబండ్లలో నిట్టివి తఱచు. వానిలో ముందరి డిఫరెన్షియలు కమానులపై గాక, రబ్బరుబుషులతో చట్రమునకే వ్రేలాడదీయబడును. అవి చెడినప్పుడు బలమిచ్చి తీసినప్పుడెల్ల ఆ ఇనుపగుండు ఎగిరి చట్రమును తట్టును. పరీక్ష యీ చెప్పినదే: కడ్డీతో మీటుట, ప్రక్కదానితో పోల్చుట. ఒకబుషు పోయినచో మిగిలినవానిపై భారము పడును. కావున వానిని గూడ చూడవలెను.

ఇపుడు మార్చుట. దీనిని మీరు స్వయముగా చేయకపోవచ్చును. కాని మీ బండికి చేయించునప్పుడు ప్రక్కన నిలుచుండి చూచుటకు ఈ క్రమము తెలిసియుండవలెను.

మొట్టమొదటిది ప్రాణరక్షణ. బండిని ఖాళీచేసి, గట్టినేలపై నిలిపి, ముందుచక్రములకు ఇరువైపుల దిమ్మెలు పెట్టవలెను. జాకీతో చట్రము నెత్తిన వెంటనే దానిక్రింద బరువునకు తగిన ఇనుపస్టాండులను రెండువైపుల నిలిపి, బరువును వానిమీదికి దింపవలెను. ఇటుకలు, రాళ్లు, తాటిమొద్దులు పనికిరావు. ఇటుక చెప్పక పగులును, మొద్దు చెప్పక దొర్లును. జాకీ ఎత్తుటకే కాని మోయుటకు కాదు. జాకీ యొక్కటే ఆధారమైయుండగా బండిక్రింద నెవరును దూఱరాదు. మనయూళ్లలో తఱచుగా దూఱువాడు క్లీనరు కుఱ్ఱవాడు. వానికి మీసము రాదు, ఇంట నొకతల్లి యుండును. “ఒక్కనిమిషము పని” యని వానిని క్రిందికి పంపు మేస్త్రిని వారించు అధికారము పెద్దలకు తప్ప మఱెవ్వరికి కలదు?

చట్రము స్టాండులపై నిలిచిన పిదప మఱియొక జాకీని ఇరుసుక్రింద నుంచి, కమాను పైకి నొక్కబడక, క్రిందికి లాగబడక యుండునట్లు సరిచేయవలెను. అప్పుడు పిన్నుపై బరువు తగ్గి సులభముగా వచ్చును. పిన్నును పట్టియుంచు తాళపుబోల్టును తీసి, మెత్తని లోహపుకడ్డీ నడ్డముపెట్టి పిన్నును వెడలగొట్టవలెను. తుప్పుపట్టి రాకున్నచో తుప్పునూనె పోసి కాచుకొనవలెను. గ్యాసుమంటతో కమానుకంటిని కాల్చుట మాత్రము పనికిరాదు. కమానుపట్టీ ప్రత్యేకముగా కాచి పదునుపెట్టిన ఉక్కు. ఎఱ్ఱగా కాల్చినచో ఆ పదును పోవును. నేడు పిన్ను వచ్చును, ఱేపు బరువుతో పోవునప్పుడు కన్నే విఱుగును. పట్టీకి వెల్డింగు పెట్టుటయు ఇట్టిదే.

పాతబుషును సమ్మెటతో మోదుటకన్న ప్రెస్సుపై తీయించుట మేలు. ప్రెస్సు లేనిచోట పొడవైన బోల్టును, మందమైన వాషర్లను, బుషుకన్న వెడల్పైన గొట్టపుముక్కను తీసికొని, నట్టును బిగించుచు బుషును గొట్టములోనికి లాగవచ్చును. తరువాత కంటిని శుభ్రము చేసి, బీటలున్నవా, గుండ్రము పోయి కోలగా మాఱినదా చూడవలెను. కోలయైన కంటిలో క్రొత్తబుషు నిలువదు.

క్రొత్తబుషును కొనునప్పుడు పాతదానిని వెంట తీసికొనిపోవుడు. విజయవాడ ఆటోనగరువంటి చోట్ల ఒకేరకపు లారీకి పలుకొలతల బుషులు దొరకును. పొడవు, వెలుపలి కొలత, లోపలి కొలత మూడును సరిపోవలెను. పాతబుషు లోపల అఱిగియుండును గనుక లోపలి కొలతను క్రొత్తపిన్నుతో సరిచూడవలెను. బుషును తిన్నగా నెట్టవలెను. ఒక్కమాఱు వంకరగా దిగినచో కంటిని గీయును. కంటిలోనికి నొక్కినపిదప బుషులోపలి రంధ్రము కొంచెము ముడుచుకొనును. అందుచేత రీమరుతో సరిచేసి, పిన్ను చేతితో నెట్టగా దిగునట్లును, దిగినపిదప కదలకుండునట్లును చేయుట మంచిపనివాని గుర్తు. గంటుపడిన పాతపిన్నును క్రొత్తబుషులో వేసినచో ఆకురాయిని లోపల పెట్టినట్లే. రెంటిని కలిపి మార్చవలెను. ఒకవైపు పోయినచో రెండవవైపునకు గూడ మార్చవలెను, లేనిచో ఇరుసు మరల వంకరగా నిలుచును.

పిన్నును పెట్టుటకు ముందు దానిని చేతిలో పట్టుకొని గ్రీజుగన్ను నొక్కి, లోపలిదారిగుండ గ్రీజు ప్రక్కరంధ్రమునుండి వచ్చునో లేదో చూడవలెను. ఈ యరనిమిషపు పరీక్ష జరిగియున్నచో మా యూరి తగవు పుట్టియుండదు. అంతయు కూర్చిన తరువాత బుషు రెండుకొనలనుండియు గ్రీజు తొంగిచూచువఱకు ఎక్కింపవలెను. వారంవారము ఎక్కించునప్పుడును ఇదియే గుర్తు: నిపిలుచుట్టు కనబడినది లెక్క కాదు, బుషుకొనలనుండి వచ్చినదే లెక్క. నీళ్లలో, చెలకలలో, నల్లరేగడి బుఱదలో దిగివచ్చిన బండికి గడువు చూడక గ్రీజు పెట్టవలెను.

రబ్బరుబుషు ధర్మము వేఱు. ముడిరబ్బరు ఎండకు జిగురుగను చలికి పెళుసుగను మాఱును. 1839లో అమెరికాలో ఛార్లెస్ గుడియరు దానిని గంధకముతో కలిపి కాచి స్థిరపఱచు మార్గమును కనుగొన్న పిదపనే రబ్బరు యంత్రములకు పనికివచ్చెను. రబ్బరుబుషు తనలోతాను మెలిపడి తిరిగివచ్చునే కాని లోహమువలె జాఱి తిరుగదు. కాన దానికి గ్రీజును, డీజిలును తగులనీయరాదు. నూనె రబ్బరును ఉబ్బించి చెఱచును. దాని బోల్టులను గాలిలో వ్రేలాడునప్పుడు గట్టిగా బిగింపరాదు. ముందు వదులుగా పెట్టి, బండిని దింపి, చక్రములు నేలపై నిలిచి కమాను తన సహజస్థితికి వచ్చిన పిదప తుదిబిగింపు చేయవలెను. గాలిలో బిగించినచో, నేలపై నిలిచిన క్షణమునుండి రబ్బరు మెలిపడియే యుండి కొలదికాలములో చినుగును. క్రొత్తబుషు వేసినను ఆఱునెలలు నిలువలేదని చెప్పుకొనువారి బాధకు తఱచుగా నిదియే కారణము.

చివరిది యూబోల్టులు. వానిని ఎదురెదురు మూలలుగా, కొంచెము కొంచెముగా, బండితో వచ్చిన పుస్తకములో చెప్పిన బిగువు వఱకు బిగింపవలెను. బరువుతో కొన్నిదినములు తిరిగిన పిదప కట్ట సర్దుకొనును. అప్పుడు మరల బిగింపవలెను. పనిముగిసినదని మేస్త్రి చేతులు కడుగుకొన్న తరువాత మొదటికొలతలను మరల కొలువుడు. మొదటిశబ్దము కొఱకు మరల చెవియొగ్గుడు. బుషు లేనప్పుడు శబ్దముండి, బుషు వచ్చినపిదప శబ్దము పోయినచో, అన్వయవ్యతిరేకములు రెండును కుదిరినవి. అప్పుడే కారణము దొరకినట్లు.

ఎనిమిదేండ్లు దాటిన సరకుబండికి ఏటేట యోగ్యతాపత్రము తీసికొనవలెనని మన మోటారునిబంధన. పత్రము ఏడాదికొకమాఱు, గతుకులు దినదినము. పత్రమున్నదని బండిక్రింద చూడకుండుట, జాతకములో ఆయువున్నదని మందు మానుట వంటిది. ధాన్యపుమూటలపై కూలీలు కూర్చుండి వచ్చుట తప్పని తెలిసియు మనయూళ్లలో జరుగుచున్నది. వంకర యిరుసుగల బండి కాలువగట్టుపై ప్రక్కకు లాగిన దినమున నష్టము టైర్లతో ఆగదు. మూటలపై మనుష్యులను ఎక్కింపనీయకుడు, ఎక్కినవారిని దింపుడు.

పెద్దలారా, మీకు మూడు మనవులు. మీయూరి పాతలారీని నెలకొకమాఱు కడిగించి, పిన్నులను, యూబోల్టులను ఒకమాఱు చూపింపుడు. బుషు వెల టైరువెలలో స్వల్పభాగము. స్టాండులు లేక జాకీపై నిలిపిన బండిక్రిందికి ఏ పిల్లవానిని పోనీయకుడు. బండి చెడినదని యొకపనివానిపై నింద మీముందునకు వచ్చినప్పుడు, ముందు ఇనుమును విప్పి చూపుడని యడుగుడు. విప్పిచూచినపిదప తప్పు వానిదే యైనచో తీర్పు చెప్పుటకు మీకు సందేహముండదు, వానిది కానిచో నొకయన్యాయము మీచేత తప్పిపోవును.